శక్తి ఉంది కదా అని పరాయి దేశంలోకి వెళ్లవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఒక దేశంలో ప్రభుత్వమే తన జనాన్ని చంపుతుంటే, ఆపగలిగే బలం ఉన్న దేశం చూస్తూ ఊరుకోవచ్చా? ఊరుకోకూడదంటే మరి ఇరాక్‌లో, లిబియాలో జరిగినదాని మాటేమిటి? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు, సైన్యాన్ని పంపే బదులు ఆంక్షలు పెడితే సరిపోదా అని.

ముందు నా జవాబు చెప్పేస్తాను. నచ్చని ప్రభుత్వాన్ని మార్చడానికి వెళ్లకూడదు, అది ఎంత చెడ్డదైనా సరే. సామూహిక హత్యలు జరుగుతుంటే వాటిని ఆపడానికి వెళ్లవచ్చు, కొన్నిసార్లు వెళ్లి తీరాలి. అప్పుడు కూడా, మర్నాడు పగ్గాలు అందుకోవడానికి అక్కడి జనం ఒప్పుకునేవాళ్లు ఎవరున్నారో ముందే తెలిసి ఉండాలి. ఈ చివరి షరతు గురించి చర్చల్లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను చూసినంతలో ఫలితాన్ని తేల్చేది అదే.

నేను సైన్యంలో పనిచేసి రిటైరయ్యాను. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణ మిషన్‌లో మిలిటరీ అబ్జర్వర్‌గా ఆఫ్రికాలోని ఒక దేశంలో ఉన్నాను. ఆ తర్వాత అలాంటి మిషన్లకు వెళ్లే యువ అధికారులకు చాలాకాలం పాఠాలు చెప్పాను. అబ్జర్వర్ దగ్గర ఆయుధం ఉండదు. నోట్‌బుక్కు, రేడియో సెట్టు, తెల్ల జీపు, అంతే. చూసింది చూసినట్టు రాసి పైకి పంపడమే పని. నేను చెప్పే మాటల్లో కొన్ని ఆ అనుభవం నుంచి, కొన్ని పాఠాలు చెప్పడం కోసం ఏళ్ల తరబడి చదివిన కేసుల నుంచి వచ్చినవి.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను. ఐరాస ఛార్టర్ 2(4) అధికరణం ఒక దేశంపై మరో దేశం బలప్రయోగం చేయరాదంటుంది. 2(7) అధికరణం దేశాల సొంత వ్యవహారాల్లో సమితి కూడా తలదూర్చరాదంటుంది. మినహాయింపులు రెండే: 51వ అధికరణం కింద ఆత్మరక్షణ, ఏడో అధ్యాయం కింద భద్రతా మండలి అనుమతి. 2005 ప్రపంచ శిఖరాగ్ర సమావేశంలో దేశాలన్నీ కలిసి ఇంకో మాట ఒప్పుకున్నాయి. ప్రజలను సామూహిక హత్యాకాండ నుంచి కాపాడే బాధ్యత మొదట ఆ దేశానిది, అది చేయకపోతే మండలి ద్వారా మిగతా ప్రపంచానిది అని. కాగితం మీద బాగానే ఉంది. కానీ మండలిలో వీటో ఉన్నవి ఐదు దేశాలు, బలమైన దేశాలు అనగానే మనకు ముందు గుర్తొచ్చేవీ అవే. 1986లో నికరాగ్వా కేసులో (అక్కడి తిరుగుబాటుదారులకు అమెరికా సాయం చేసిన కేసు) అంతర్జాతీయ న్యాయస్థానం అమెరికాను తప్పుపట్టి పరిహారం కట్టాలంది. అమెరికా ఆ తీర్పును లెక్కచేయలేదు, మండలిలో దానిమీద తీర్మానం వస్తే వీటో చేసింది. కాబట్టి చట్టం చిన్న దేశాలను ఆపినంతగా పెద్ద దేశాలను ఆపదు. ఆ సంగతి మనసులో పెట్టుకునే మిగతా చర్చ చేయాలి.

## ఊరుకుంటే ఏమవుతుంది

"ఎవరి దేశం వాళ్లిష్టం, మనకెందుకు" అనేవాళ్లను నేను ముందు రువాండా గురించి చదవమంటాను. అక్కడి ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ 1993 ఆగస్టులో అరూషాలో ఒప్పందం కుదిరింది. అధికారం పంచుకునే తాత్కాలిక ప్రభుత్వం ఎలా ఉండాలో కూడా అందులో రాసుకున్నారు. దాన్ని అమలు చేయించడానికి వచ్చిన ఐరాస దళంలో సుమారు 2,500 మంది ఉన్నారు. 1994 జనవరి 11న దళపతి రోమియో డలేర్ న్యూయార్క్‌కు ఒక సందేశం పంపారు. ఆయుధాలు ఫలానాచోట దాచారు, చంపడానికి టుట్సీ తెగవాళ్ల జాబితాలు తయారవుతున్నాయి, నేను దాడిచేసి ఆ ఆయుధాలు స్వాధీనం చేసుకుంటాను అని. వద్దు, అది మీ మాండేట్‌లో, అంటే మండలి మీకు అప్పగించిన పనిలో, లేదు అని జవాబొచ్చింది.

ఏప్రిల్ 6 రాత్రి అధ్యక్షుడి విమానం కూలింది, హత్యలు మొదలయ్యాయి. మర్నాడు పదిమంది బెల్జియం సైనికులను చంపేశారు. ఆ వారంలోనే ఫ్రాన్స్, బెల్జియం సైనికులు విమానాల్లో దిగారు. మంచి ఆయుధాలున్న, శిక్షణ పొందిన వాళ్లు. తమ పౌరులను, మిగతా విదేశీయులను ఎక్కించుకుని వెళ్లిపోయారు. రాజధాని కిగాలీలోని ఒక టెక్నికల్ స్కూల్లో రెండు వేలమంది దాకా బెల్జియం సైనికుల అండన తలదాచుకున్నారు. ఏప్రిల్ 11న ఆ సైనికులకు వెనక్కి రమ్మని ఆర్డర్ వచ్చింది. ట్రక్కులు గేటు దాటగానే హంతకులు లోపలికి వచ్చారు. ఏప్రిల్ 21న భద్రతా మండలి దళాన్ని పెంచకపోగా 270కి తగ్గిస్తూ తీర్మానం చేసింది. సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షలమంది చనిపోయారు. డలేర్ దగ్గర మిగిలిన కొద్దిమంది, ముఖ్యంగా ఘనా సైనికులు, స్టేడియంలోనూ హోటల్లోనూ చేరినవాళ్లకు కాపలా కాసి వేలమందిని బతికించగలిగారు. వాళ్లే అంతమందిని కాపాడగలిగారంటే, ఆ వారంలో విమానాల్లో వచ్చి వెళ్లినవాళ్లు ఉండిపోయుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

దీని పక్కనే, అంతర్యుద్ధంలో ఉన్న సియెర్రా లియోన్‌ను పెట్టి చూడాలి. 2000 మే నెలలో బ్రిటన్ సైన్యం అక్కడి రాజధాని ఫ్రీటౌన్‌కు వచ్చింది కూడా తమ పౌరులను తరలించడానికే. అయితే వాళ్లు విమానాశ్రయాన్ని కాపాడి, నగరాన్ని నిలబెట్టి, అక్కడి సైన్యానికి శిక్షణ ఇవ్వడానికి ఉండిపోయారు. 2002 జనవరికి యుద్ధం ముగిసినట్టు ప్రకటించారు. అక్కడ ఎన్నికైన అధ్యక్షుడు అహ్మద్ తేజాన్ కబా ఉన్నాడు. బ్రిటన్ ఎవరినీ తెచ్చి గద్దెనెక్కించలేదు, ఉన్న ప్రభుత్వం కూలిపోకుండా పట్టుకుంది.

## స్వార్థం ఉంటే తప్పేనా

ఇక్కడ చాలామంది "ఎవరూ ఊరికే వెళ్లరు, అంతా స్వార్థమే" అంటారు. నిజమే. కానీ స్వార్థం ఉన్నంత మాత్రాన ఫలితం చెడుతుందని నేను ఒప్పుకోను.

1971లో తూర్పు పాకిస్థాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి సుమారు కోటిమంది శరణార్థులు భారత్‌లోకి వచ్చారు. భారత్‌కు తన భారం, తన భద్రత, పాకిస్థాన్‌తో తన లెక్కలు అన్నీ ఉన్నాయి. యుద్ధం ఆపి సైన్యాలను వెనక్కి పిలవాలని డిసెంబర్ 7న ఐరాస సర్వసభ్య సమావేశం 104–11 ఓట్లతో తీర్మానించింది. అయినా ఆ యుద్ధం అక్కడ పాకిస్థాన్ సైన్యం సాగిస్తున్న హత్యాకాండను ఆపింది. ఎందుకు నిలబడిందంటే, 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్థాన్ సీట్లు దాదాపు అన్నీ గెలిచిన పార్టీ అక్కడ ఉంది. పాలన ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నే రాలేదు. 1972 మార్చిలో భారత సైన్యం వెనక్కి వచ్చేసింది.

వియత్నాం 1979 జనవరి 7న కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లోకి వెళ్లి పోల్ పాట్ పాలనకు తెరదించింది. ఆ పాలన కింద పదిహేను లక్షలకు పైగానే చనిపోయారని అంచనా. ఆ చావులు ఆగాయి. కానీ వియత్నాం తాను పెట్టిన ప్రభుత్వాన్ని నిలబెట్టుకోవడానికి 1989 దాకా అక్కడే ఉండాల్సి వచ్చింది, అంతకాలమూ అంతర్యుద్ధం సాగింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పిన కేసు ఉగాండా. అక్కడి నియంత ఇదీ అమీన్ సైన్యం 1978 చివర్లో టాంజానియాలోని కగేరా ప్రాంతాన్ని ఆక్రమిస్తే, టాంజానియా తిప్పికొట్టి 1979 ఏప్రిల్‌లో ఉగాండా రాజధాని కంపాలా దాకా వెళ్లింది. అమీన్ పారిపోయాడు. ప్రపంచంలో దాదాపు ఎవరూ అమీన్ కోసం బాధపడలేదు. కొత్త అధ్యక్షుడిని ఎక్కడ ఎంచారు? టాంజానియాలోని మోషి అనే ఊళ్లో, ప్రవాసంలో ఉన్న గ్రూపులు సమావేశమై. అలా వచ్చిన యూసుఫ్ లూలే రెండు నెలలు దాటగానే పదవి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంకో అధ్యక్షుడు, వివాదాస్పద ఎన్నికలు, 1986 దాకా మళ్లీ యుద్ధం. టాంజానియాది న్యాయమైన కారణమే, ఎదుటివాడు నిజంగా దుర్మార్గుడే. అందుకునే చేయి లోపల లేకపోవడం వల్ల జనానికి ఇంకో ఏడేళ్ల నరకం వచ్చింది.

## లోపల నుంచి చూస్తే

మా మిషన్‌లో ఆయుధాలు అప్పగించే కేంద్రం ఒకటి ఉండేది. బల్ల ముందు లైను, చేతికి తీసుకుని చూసి రిజిస్టర్‌లో రాసుకోవడం, ఒక కాగితం ఇవ్వడం. ఒకతను ఏకే-47 తెచ్చాడు. ఎత్తితే తేలిగ్గా ఉంది. పైన రేకు తీసి చూస్తే బోల్టు లేదు, స్ప్రింగు లేదు, బ్యారెల్ అంతా తుప్పు. రూల్ ప్రకారం అదీ ఒక ఆయుధమే, రాసుకున్నాం. మంచి తుపాకీ ఎక్కడుందని దుబాసీ చేత అడిగించాను. అతను కోపం తెచ్చుకోలేదు. "మీ మాండేట్ ఎప్పటిదాకా?" అని తిరిగి అడిగాడు. మండలి దాన్ని కొన్ని నెలలకోసారి పొడిగిస్తుందని అతను రేడియోలో వింటూనే ఉన్నాడు. మేం వెళ్లిపోయిన మర్నాడు తన ఇంటికి ఎవరు వస్తారో అతనికి బాగా తెలుసు. మంచి తుపాకీ ఆ రోజు కోసం దాచుకున్నాడు. ఆ లైన్లో నిలబడ్డవాళ్లలో చాలామంది లెక్క అదే.

రెండోది దుబాసీల సంగతి. బయటి నుంచి వచ్చినవాడికి అక్కడి భాష రాదు. మాకు దొరికినవాళ్లు ఎక్కువమంది రాజధానిలో చదువుకున్నవాళ్లు, ఒకే తెగవాళ్లు. ఒక ఊళ్లో ఒక పెద్దావిడ ఏడుస్తూ చాలాసేపు చెప్పుకుంది. దుబాసీ రెండే ముక్కల్లో "తిండికి ఇబ్బందిగా ఉందట, సాయం అడుగుతోంది" అన్నాడు. తర్వాత వేరే దుబాసీని తీసుకుని వెళ్తే తెలిసింది, ఆవిడ తన కొడుకులను పట్టుకెళ్లినవాళ్ల పేర్లు వరసగా చెప్పిందని. వాళ్లలో కొందరు మొదటి దుబాసీ తెగవాళ్లే. ఇది ఒక్క ఊరి కథ కాదు. పెద్ద దేశం ఎన్ని శాటిలైట్లు పెట్టుకున్నా, ఫలానావాడు మంచివాడు, ఫలానావాడు దొంగ అని దాని చెవిలో చెప్పేది అక్కడివాళ్లే. వాళ్లకూ ఒక పక్షం ఉంటుంది. ఎవరి మాట విని వెళ్తున్నామో తెలియకుండా వెళ్తే, వేరేవాళ్ల కక్ష మన సైన్యం తీరుస్తుంది.

## ఒకే సైన్యం, రెండు ఫలితాలు

పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ పక్కపక్కన పెట్టే జత ఒకటుంది. 1987 జులై 29 ఒప్పందం మేరకు భారత శాంతి సేన శ్రీలంక వెళ్లింది. అక్కడి ప్రభుత్వమే పిలిచింది, చట్టం దృష్టిలో లోపం లేదు. కానీ తుపాకులు దించాల్సిన ఎల్టీటీఈ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. అక్టోబర్‌కల్లా శాంతి సేన వాళ్లతోనే యుద్ధం చేస్తోంది. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస 1989లో వెళ్లిపొమ్మన్నారు. 1990 మార్చిలో ఆఖరి సైనికులు బయల్దేరేసరికి దాదాపు 1,200 మంది భారత సైనికుల ప్రాణాలు పోయాయి.

అదే సైన్యం, మధ్యలో ఏడాది పైచిలుకు తేడా, మాల్దీవులు. 1988 నవంబర్ 3న కిరాయి సైనికులు రాజధాని మాలే మీద పడితే అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగారు. ఆగ్రా నుంచి బయల్దేరిన పారాట్రూపర్లు ఆ రాత్రికే హుల్హులే విమానాశ్రయంలో దిగారు. కుట్ర విఫలమైంది, బందీలతో ఓడలో పారిపోతున్నవాళ్లను నౌకాదళం పట్టుకుంది. పని అయిపోగానే ఎక్కువమంది వెనక్కి వచ్చేశారు.

ధైర్యంలోనో శిక్షణలోనో తేడా లేదు. మాలేలో పని చిన్నది, ఎప్పుడు ముగుస్తుందో తెలిసేది, అప్పగించాల్సిన ప్రభుత్వం కళ్లెదుట ఉంది. శ్రీలంకలోని జాఫ్నాలో పని ఒక జాతి సమస్యను పరిష్కరించడం. అది బయటి సైన్యం చేతిలో ఉండే పని కాదు.

## ఇరాక్, లిబియా

ఇరాక్‌లో సామూహిక మారణాయుధాలున్నాయన్న కారణం అబద్ధమని తేలింది, దాని గురించి అందరికీ తెలుసు. నేను చెప్పేది తర్వాతి సంగతి. బాగ్దాద్ పడిపోయాక, 2003 మే నెలలో, అక్కడి పాలనకు అమెరికా పంపిన అధికారి పాల్ బ్రెమర్ రెండు ఉత్తర్వులు ఇచ్చారు. మొదటిది సద్దాం హుస్సేన్ బాత్ పార్టీలో పైస్థాయి వాళ్లను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసింది. రెండోది సైన్యాన్ని రద్దు చేసింది. కొద్ది రోజుల్లో లక్షలమంది, తుపాకీ వాడటం వచ్చినవాళ్లు, జీతం లేకుండా వీధిన పడ్డారు. ఆఫీసులు నడపడం వచ్చినవాళ్లు ఇళ్లలో కూర్చున్నారు. తర్వాత వచ్చిన తిరుగుబాటుకు మనుషులు ఎక్కడి నుంచి దొరికారో వేరే వెతకక్కర్లేదు.

లిబియా ఇంకా బాధపెట్టే కేసు, ఎందుకంటే మొదలు సవ్యంగా జరిగింది. తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న బెంఘాజీ మీదికి గడాఫీ సైన్యం వస్తోంది, 2011 మార్చి 17న మండలి 1973 నంబరు తీర్మానంతో పౌరులను కాపాడమంది. భారత్, చైనా, రష్యా, బ్రెజిల్, జర్మనీ ఓటు వేయకుండా ఉండిపోయాయి, అడ్డుకోలేదు. బెంఘాజీ దాడి ఆగింది. అక్కడితో ఆపితే బాగుండేది. నాటో దేశాల బాంబులు ఆగలేదు, పౌరుల రక్షణ కాస్తా ప్రభుత్వ మార్పు అయింది. అక్టోబర్ 20న గడాఫీ చనిపోయాడు. ఆ తర్వాత ఊరికో సాయుధ ముఠా, 2014 నాటికి రెండు పోటీ ప్రభుత్వాలు. లిబియా ఆయుధాలు మాలీ దాకా వెళ్లి అక్కడ ఇంకో యుద్ధానికి పనికొచ్చాయి.

అసలు నష్టం సిరియన్లకు జరిగింది. గడాఫీ ఇంకా బతికుండగానే, అక్టోబర్ 4న, సిరియా మీద తీర్మానాన్ని రష్యా, చైనా వీటో చేశాయి. వాటికి సొంత లెక్కలు ఉన్నాయి, కాదనను. కానీ "లిబియాలో మీరేం చేశారో చూశాం" అనే జవాబు వాటికి చేతికి అందించింది బాంబులు ఆపని దేశాలే. ఒకచోట అనుమతిని దాటి వెళ్తే, తర్వాత నిజంగా అవసరమైన చోట అనుమతి దొరకదు.

## ఆంక్షల మాట

మీ ఆఖరి ప్రశ్నకు వస్తాను. ఆంక్షలు కూడా జోక్యమే, రక్తం వెంటనే కనిపించదంతే. 1990 ఆగస్టు నుంచి ఇరాక్ మీద పెట్టిన ఆంక్షలు దేశం మొత్తాన్ని పట్టాయి. మందులు, నీటి శుద్ధి యంత్రాల విడిభాగాలు దొరక్క జనం అల్లాడారు. తిండి ప్రభుత్వ రేషన్ మీదే రావడంతో కుటుంబాలు సద్దాం మీద ఇంకా ఎక్కువ ఆధారపడ్డాయి. 1988 మార్చిలో హలబ్జాలో అదే సద్దాం విషవాయువుతో సుమారు 5,000 మంది కుర్దులను చంపినప్పుడు పెద్ద దేశాలు గట్టి చర్యేమీ తీసుకోలేదు. అప్పుడు గట్టిగా నిలదీయాల్సింది ఆ ప్రభుత్వాన్ని. రెండేళ్ల తర్వాత శిక్ష పడింది జనానికి.

దక్షిణాఫ్రికాలో వేరేగా జరిగింది. అక్కడ బహిష్కరించమని అడిగింది బాధపడుతున్న నల్లజాతి ప్రజల నాయకులే, ఆల్బర్ట్ లుతులి 1950ల చివర్లోనే ఆ పిలుపు ఇచ్చారు. 1977లో మండలి ఆయుధాల అమ్మకాన్ని నిషేధించింది. 1985లో విదేశీ బ్యాంకులు అప్పుల గడువు పొడిగించబోమన్నాయి, అది ప్రభుత్వానికి గట్టిగా తగిలింది. లోపల ఉద్యమం ఉంది, పగ్గాలు అందుకునే నాయకత్వం జైల్లోనూ ప్రవాసంలోనూ సిద్ధంగా ఉంది.

కాబట్టి ఆంక్షలకూ నాది అదే కొలత. లోపలివాళ్లు అడుగుతున్నారా, దెబ్బ ఎవరికి తగులుతుంది, ఎప్పుడు ఎత్తేస్తారో ముందే చెప్పారా. ఆయుధాలు అమ్మకపోవడం, నాయకుల విదేశీ ఖాతాలు స్తంభింపజేయడం, యుద్ధానికి డబ్బు తెచ్చే సరుకును కొనకపోవడం, వీటికి నేను ఎప్పుడూ ఓటేస్తాను. లైబీరియా వజ్రాల మీద 2001లో, కలప మీద 2003లో మండలి పెట్టిన నిషేధం అలాంటిదే. అక్కడి అధ్యక్షుడు చార్లెస్ టేలర్ తుపాకులు కొన్నది ఆ డబ్బుతోనే. 2003 ఆగస్టులో అతను పదవి వదిలి వెళ్లడానికి తిరుగుబాటుదారుల ఒత్తిడి, పొరుగు దేశాల మధ్యవర్తిత్వం కూడా కారణాలే. ఆ తర్వాత సియెర్రా లియోన్ ప్రత్యేక న్యాయస్థానం 2012లో అతనికి 50 ఏళ్ల శిక్ష వేసింది. తిండి, మందులు, విత్తనాలు మాత్రం ఏ దేశం మీద ఆంక్షల్లోనూ ఉండకూడదు, వాటిని చేర్చిన తీర్మానానికి ఎంత మంచి కారణం చూపించినా నేను ఒప్పుకోను.